పురుగు ముక్కు ఎక్కడ?

పత్తిచేలో ఏరిన శనగపచ్చ పురుగుల్ని కిరోసిన్ కలిపిన నీళ్లలో వేయడం గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు కొత్తేమీ కాదు. మరి వట్టి నీళ్లు చాలవా? చాలవు. వట్టి నీళ్లలో పడ్డ పురుగు చాలాసేపు తేలుతూ ఉంటుంది. గట్టు మీద పడితే మళ్లీ పాకుతుంది. కాస్త కిరోసిన్ కలిస్తే మాత్రం దాని పని అయిపోయినట్లే!

కిటుకంతా పురుగు ఊపిరిలో ఉంది. దానికి ముక్కు లేదు, ఊపిరితిత్తులూ లేవు. ఒంటికి అటూ ఇటూ వరుసగా సన్నటి రంధ్రాలుంటాయి. శనగపచ్చ పురుగుకు 9 జతలు, అంటే 18 రంధ్రాలు. గాలి వాటిలోంచే లోపలికి వెళుతుంది. అక్కడి నుంచి అంతా డ్రిప్పు పైపుల ఏర్పాటే. పెద్ద గొట్టం, దానికి పిల్ల గొట్టాలు, చివరికి వెంట్రుక కన్నా సన్నటి గొట్టాలు ఒంట్లోని ప్రతి మూలకూ ఆక్సిజన్‌ను నేరుగా చేరుస్తాయి. ఆ పని రక్తానికి లేదు కాబట్టే పురుగును నలిపితే ఎర్రటి రక్తం కనిపించదు.

ఈ రంధ్రాలకు తలుపులు కూడా ఉంటాయి. ఒంట్లో తడి ఆరిపోకుండా పురుగు వాటిని మూసుకుంటుంది. లోపల బొగ్గుపులుసు వాయువు పెరగగానే తెరుస్తుంది.

పురుగు ఒంటి మీది మైనంపూత నీటిని అంటనివ్వదు. నూనెను ఆపలేదు. అది పాకి రంధ్రాల్లోకి దిగుతుంది, ఊపిరాడదు. పట్టుపురుగు రంధ్రాలకు నూనె పూస్తే చనిపోతుందని ఇటలీ వైద్యుడు మాల్పీఘీ 17వ శతాబ్దంలోనే గమనించాడు.

వేపనూనె, సబ్బునీళ్లు పనిచేయడంలోనూ ఈ సూత్రం కొంత ఉంది. వేప చేదుకు పురుగు మేత మానడం అదనం. అయితే నూనె పురుగు ఒంటిని తాకాలి. తెల్లదోమ పిల్లలు ఆకు అడుగున అతుక్కుని ఉంటాయి. 2021-22లో మిరపతోటల్ని ఊడ్చేసిన నల్ల తామరపురుగులు పూలలో దాక్కున్నాయి. పైపైన కొడితే ఆకు తడుస్తుంది, పురుగు బతుకుతుంది.

పురుగు చావలేదని మందు మీద మందు కొడితే ఏమవుతుందో ఈ నేల చూసింది. 1980లలో పత్తి మీద కొట్టిన ఘాటు మందులకు తెల్లదోమను తినే మిత్రపురుగులు ముందు పోయాయి. తెల్లదోమ చెలరేగింది. 1987-88లో అప్పులపాలైన రైతులు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు.

ఘాటు మందుల్లో ఎక్కువ భాగం ఊపిరి ఆపేవి కావు, నరాల్ని దెబ్బతీసేవి. నరాలు మనిషికీ ఉన్నాయి. మందు తుంపర ముక్కులోంచీ, చర్మంలోంచీ ఒంట్లోకి దిగుతుంది. అందుకే ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు ఉండాలి. గాలికి ఎదురు నిలబడి కొట్టకూడదు. పని కాగానే సబ్బుతో స్నానం చేయాలి.

పురుగు కావాలంటే తన తలుపులు మూసుకోగలదు. మనిషి ముక్కుకు తలుపు లేదు మరి!