లేబర్ రూమ్ తలుపు దగ్గర అమ్మను ఆపకండి

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

మన రాష్ట్రంలో ఇంటి కాన్పులు దాదాపు లేవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఆశా కార్యకర్తలు గడప గడపకూ తిరిగితే, 102 బండ్లు ఊళ్ల దాకా వెళితే వచ్చిన ఫలితమిది, చిన్నదేమీ కాదు. అయితే అదే సర్వేలో మరో లెక్క ఉంది. మన కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశంలో ఇంతకు మించిన రాష్ట్రం లేదు. దేశ సగటు 21.5 శాతమే. ఈ మాట ఎత్తగానే చర్చ ముహూర్తాల మీదికో, ప్రైవేటు ఆసుపత్రుల బిల్లుల మీదికో మళ్లుతుంది. రెండూ ఉన్నవే, ప్రైవేటులో ఆ లెక్క 81.5 శాతం మరి. కానీ బిల్లే లేని సర్కారు దవాఖానాల్లో కూడా అది 44.5 శాతం ఎందుకుంది? నా ఉద్దేశంలో ఒక కారణం లేబర్ రూమ్ తలుపు దగ్గరే ఉంది. నొప్పులు పడుతున్న మనిషిని ఆ తలుపు లోపలికి తీసుకుంటుంది, వెంట వచ్చిన తల్లినో అక్కనో బయట బెంచీ మీద కూర్చోబెడుతుంది.

తొలి కాన్పు నొప్పులు పన్నెండు గంటలకు పైగా సాగడం మామూలే. ఒక సిస్టర్ నలుగురైదుగురిని చూసుకోవాల్సిన చోట, అన్ని గంటలూ ఒకరి పక్కనే నిలబడటం ఆమెకు సాధ్యం కాదు. తొలి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకువెళ్లే ఆచారం మనకు ఊరికే రాలేదు. ఆ గంటల్లో తల్లి చెయ్యి అందుబాటులో ఉండాలనే. మంత్రసాని రోజులు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. రక్తస్రావం నుంచి, గుర్రపువాతం నుంచి బాలింతలను కాపాడేది ఆసుపత్రే. కాకపోతే పాత పురిటిగదిలోని ప్రమాదాలతో పాటు అక్కడున్న తోడును కూడా బయటే వదిలేశాం.

తోడు అనేది సెంటిమెంటు మాత్రమే కాదు. 17 దేశాల్లో 15,858 మంది స్త్రీల మీద జరిగిన పరీక్షలను, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017లో కలిపి చూసింది. నొప్పుల వేళ ఒక మనిషి విడవకుండా పక్కనున్న వారిలో సిజేరియన్లు సుమారు పావు వంతు తగ్గాయి, సహజ కాన్పులు పెరిగాయి, నొప్పుల సమయం సగటున నలభై నిమిషాలు తగ్గింది. ఇందులో మాయేమీ లేదు. భయపడిన ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, అది నొప్పులను మందగింపజేస్తుంది. పక్కన ఒకరుంటే ఆ గర్భిణి లేచి నాలుగడుగులు వేస్తుంది, గుక్కెడు నీళ్లు తాగుతుంది, నడుము రుద్దించుకుంటుంది. ఆ పరీక్షలన్నీ మనలాంటి ఆసుపత్రుల్లో జరగలేదు కాబట్టి ఇక్కడా కచ్చితంగా పావు వంతే తగ్గుతుందని చెప్పను. పైగా మన లెక్కలో, మొదటిసారి కోత పడినందువల్ల రెండోసారీ తప్పనివి చాలా ఉంటాయి. తోడు ఉండటం వాటికి మందు కాదు. అందుకే తొలి కాన్పు మీదే అన్నీ ఆధారపడి ఉన్నాయంటున్నాను.

నేను కొత్త పథకం అడగడం లేదు. ప్రసూతి గదిలోకి తోడును అనుమతించమని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. ప్రసూతి గదుల నాణ్యత పెంచడానికి 2017లో వచ్చిన 'లక్ష్య' కార్యక్రమంలోనూ అది ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో అదే సిఫార్సు చేసింది. తమిళనాడు తన ప్రభుత్వ ఆసుపత్రుల్లో దీన్ని 2004లోనే మొదలుపెట్టింది. మన దగ్గర కొరత కాగితానికి కాదు, అమలుకు.

అడ్డు చెప్పేవాళ్లు గది ఇరుకు, ఇన్ఫెక్షన్ వస్తుంది, పక్క బల్ల మీదున్న ఆమె మానం సంగతేమిటి అంటారు. వీటికి జవాబులు ఉన్నాయి: ఒక్కరికి ఒక్కరే, శుభ్రమైన గౌను, బల్లకూ బల్లకూ నడుమ తెర. ఆ తెర తోడు రాకపోయినా కట్టవలసిందే. 'మా పిల్ల ఓర్చుకోలేదు, ఆపరేషన్ చేసెయ్యండి' అని తోడొచ్చినవాళ్లే ఒత్తిడి తెస్తారన్నది ఇంకొంచెం బరువైన అభ్యంతరం. నిజమే, తెస్తారు. బయట కూర్చున్నా తెస్తారు, లోపల ఏం జరుగుతోందో తెలియక మరింత గట్టిగా తెస్తారు. నెల నెలా పరీక్షలకు వచ్చినప్పుడే ఆ తల్లిని కూడా కూర్చోబెట్టి నొప్పులు ఎలా సాగుతాయో చెబితే, ఆమె డాక్టరుకు ఎదురు నిలబడదు, సాయం పడుతుంది. ఇక పైకి ఎవరూ అనని అభ్యంతరం ఒకటుంది. లోపల పడే కేకలు, తిట్లు, ఒక్కోసారి తొడ మీద పడే దెబ్బ మూడో మనిషి కంట పడతాయి. పని భారంతో సిబ్బంది విసిగిపోతారన్నది ఒప్పుకోవలసిందే. ఆ భారంలో కొంత మోయగలిగిన మనిషినే మనం బయట ఆపుతున్నాం.

కేంద్రం పెట్టిన నియమం ఒక్కటి మాత్రం సడలించాలి. తోడుగా వచ్చేది ఆడ బంధువై ఉండాలట, కాన్పు అనుభవమున్నవారైతే మేలట; మరుగు పాటించే చోట మాత్రం భర్తనూ అనుమతించవచ్చట. పెళ్లికాని చెల్లెలు, పిల్లల్లేని మేనత్త చెయ్యి పట్టుకోలేరా? ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చిన కూలీ స్త్రీకి ఇక్కడ భర్త తప్ప ఎవరున్నారు? తెరలున్న చోట అతన్ని రానివ్వండి, లేని చోట ఆశా కార్యకర్తను కూర్చోబెట్టండి, ఆ గంటలకు ఆమెకు డబ్బివ్వండి.

ప్రతి కేస్ షీటులో 'తోడు ఎవరు' అని ఒక గడి పెట్టించండి. అది ఖాళీగా ఉంటే కారణం రాయించండి. తొలి కాన్పు సిజేరియన్ల లెక్కతో పాటు ఆ గడి లెక్కనూ జిల్లాల వారీగా నెల నెలా బయటపెట్టండి. అంతకన్నా ముందు, 'ఇతరులకు ప్రవేశం లేదు' అన్న బోర్డు పక్కనే, అంతే పెద్ద తెలుగు, ఉర్దూ అక్షరాలతో 'ఒకరు లోపలికి రావచ్చు' అని రాయించండి.