భాయ్‌జాన్ దాచిన మైళ్ళు

సూర్యాపేటకు నేటికీ రైలు లేదు. జాతీయ రహదారి మీద బస్సు ఎక్కడమే ఈ ఊరి వారికి తెలిసిన ప్రయాణం. అటువంటి ఊళ్ళో, మా అమ్మీ ఇంటి వరండాలో, గత సంవత్సరం సఫర్ నెలలో మేము మూడు రాత్రుల పాటు విమానపు మైళ్ళ లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాము.

సంగతి చిన్నదే. మా భాయ్‌జాన్ జిద్దాలో పదహారేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నారు. తరచూ ప్రయాణించే వారికి విమాన సంస్థలు ఇచ్చే పాయింట్లను ఆయన కొంతకాలంగా కూడబెడుతూ వచ్చారు. ఖాతాలో 38,412 మైళ్ళు చేరిన రోజున ఫోన్ చేసి, "అమ్మీకీ, ఖాలాకీ ఉమ్రా టికెట్లు సిద్ధమైనట్లే. ఒక్కొక్కరికి రానూపోనూ 19,000 మైళ్ళు చాలు. నువ్వు కంప్యూటర్ తెలిసినదానివి, తేదీలు చూసి పెట్టు" అన్నారు. నేను కోదాడలో ఉంటాను. ఖాలా మిర్యాలగూడలో ఉంటారు. ఆదివారం ముగ్గురమూ సూర్యాపేటలో కలుసుకున్నాము. అమ్మీ అప్పటికే ఇరుగుపొరుగు వారికి చెప్పేశారు.

తేదీల విషయంలో మాకు వెసులుబాటు లేదు. ఖాలూ రెండేళ్ళుగా మంచం మీద ఉన్నారు. ఆయనను చూసుకోవడానికి ఖాలా కూతురు రావాలి. ఆమె ఉపాధ్యాయురాలు, దసరా సెలవుల్లో తప్ప రాలేదు. కనుక ఆ పన్నెండు పదమూడు రోజుల్లోనే వెళ్ళి రావాలి.

అసలు ఈ పద్ధతి ఎవరి కోసం పుట్టిందో తెలుసుకుంటే తర్వాత జరిగినదంతా సులువుగా అర్థమవుతుంది. 1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ప్రయాణికులకు మైళ్ళ ఖాతాలు తెరిచింది. వారానికి రెండు మూడు సార్లు విమానమెక్కే వ్యాపారులు పోటీ సంస్థ వైపు వెళ్ళకుండా ఆపడం దాని ఉద్దేశం. ప్రపంచంలోని తక్కిన సంస్థలు అదే బాట పట్టాయి. రెండేళ్ళకొకసారి సెలవు మీద ఇంటికి వచ్చే మన గల్ఫ్ కార్మికుడు ఆ లెక్కల్లో ఎక్కడా లేడు. హైదరాబాద్ నుంచి జిద్దాకు దూరం సుమారు 4,000 కిలోమీటర్లు, అంటే దాదాపు 2,500 మైళ్ళు. చౌక టికెట్టు కొన్నవారికి ఎగిరిన దూరంలో కొంత భాగమే ఖాతాలో పడుతుంది. ఏజెంటు ద్వారా బృందపు ధరకు కొన్న టికెట్టుకు చాలాచోట్ల ఏమీ పడదు. పడినవి కూడా కొన్ని సంస్థల్లో మూడేళ్ళకు మురిగిపోతాయి. రెండేళ్ళకొక ప్రయాణం చేసేవాడికి మొదటి ప్రయాణపు మైళ్ళు మూడవ ప్రయాణం నాటికి మిగలవు. అతడు జీవితకాలం ఎగిరినా ఉచిత టికెట్టు అందుకోలేడు. ఖతర్ ఎయిర్‌వేస్ వంటి సంస్థలు మాత్రం ఖాతాలో ఏదో ఒక కదలిక ఉన్నంతకాలం పాయింట్లను నిలిపి ఉంచే పద్ధతి పాటిస్తున్నాయి. టికెట్టు కొనేటప్పుడు ధరతో పాటు ఈ తేడాను కూడా అడిగి తెలుసుకునే వారు మనలో ఎంతమంది?

మరి భాయ్‌జాన్‌కు అన్ని మైళ్ళు ఎలా వచ్చాయి? నాలుగేళ్ళ క్రితం ఆయన సూపర్‌వైజర్ అయ్యారు. కంపెనీ పని మీద నెలకు ఒకటి రెండు సార్లు దుబాయికి వెళ్ళి వస్తారు. అమ్మీకి ఇక్కడే ఒక సందేహం కలిగింది. "టికెట్టు కంపెనీ సొమ్ముతో కొన్నారు కదా బేటా, ఆ మైళ్ళు నీవి ఎలా అవుతాయి? ఆ సందేహంతో నేను ఇహ్రామ్ సంకల్పం ఎలా చేయను?" అని అడిగారు. భాయ్‌జాన్ మరుసటి రోజే తన మేనేజరును అడిగారు. ఉద్యోగుల పేరిట వచ్చే మైళ్ళను కంపెనీ కోరదని, వాటిని స్వంతానికి వాడుకోవచ్చని ఆయన రాతపూర్వకంగా తెలియజేశారు. అడిగిన మొదటి ఉద్యోగి భాయ్‌జానేనట. ఈ అనుమతి వచ్చేదాకా అమ్మీ తేదీల మాట ఎత్తనివ్వలేదు. కొన్ని కంపెనీలు ఈ విషయంలో వేరే నియమం పెట్టుకుంటాయి. కనుక అడగడమే మంచిదని నాకూ అనిపించింది.

తర్వాత మొదలయ్యాయి తిప్పలు. భాయ్‌జాన్ మైళ్ళు అమ్మీ వాడుకోవాలంటే ఆమెను ఆయన ఖాతాలో కుటుంబ సభ్యురాలిగా చేర్చాలి. అమ్మీ పాస్‌పోర్టులో ఉన్నది ఒకే పేరు. ఇంటిపేరు గడి ఖాళీ. ఆ సంస్థ దరఖాస్తులో ఇంటిపేరు లేనిదే ముందుకు కదలదు. ఫోన్ చేస్తే, "అదే పేరు రెండుసార్లు రాయండి" అన్నారు. అలా రాస్తే టికెట్టు మీద పేరు, వీసా మీద పేరు వేరవుతాయి కదా అంటే, "విమానాశ్రయంలో సర్దుకుంటారు" అన్నారు. సర్దుకోకపోతే శంషాబాద్ నుంచి వెనుదిరిగేది అమ్మీ కదా! ఖాలా విషయంలో మరొక చిక్కు. ఆమె పాస్‌పోర్టులో షేక్ అనే మాట చివర ఒక అక్షరం ఎక్కువ, ఆధార్‌లో తక్కువ. మన ఇళ్ళలో ఇది సర్వసాధారణం. ఒకే తండ్రి బిడ్డల పేర్లు మూడు రకాలుగా రాసి ఉంటాయి. ఈ రెండూ పరిష్కారం కావడానికి పదకొండు రోజులు, ఆరు ఫోన్లు పట్టాయి.

ఆ పదకొండు రోజుల్లో సీట్లు ఎగిరిపోయాయి అనుకున్నాను. పొరపాటు. అసలు అవి అక్కడ లేనే లేవు. ఒక విమానంలో మైళ్ళకు ఇచ్చే సీట్లు కొన్నే ఉంటాయి. డబ్బుకు అమ్ముడుపోయే అవకాశమున్న రోజుల్లో అవి మరీ తగ్గుతాయి. రంజాన్, దసరా, డిసెంబరు, వేసవి సెలవులు, అంటే మనకు ఎప్పుడు అవసరమో సరిగ్గా అప్పుడు. దసరా వారమంతా వెదికాను. 19,000 మైళ్ళ చౌక తరగతిలో ఒక్క తేదీన ఒక్క సీటు కనిపించింది. రెండు కావాలి. అక్కాచెల్లెళ్ళలో ఒకరు ముందు, ఒకరు వెనుక వెళ్ళే మాటే లేదు. ఆ పై తరగతిలో సీట్లున్నాయి కానీ, అక్కడ 19,000 మైళ్ళు ఒక వైపు ప్రయాణానికే సరిపోతాయి. పైగా మైళ్ళు ఇచ్చినా టికెట్టు పూర్తిగా ఉచితం కాదు. విమానాశ్రయ రుసుములు, పన్నులు, సంస్థ వేసే సర్‌ఛార్జీ కలిపి రానూపోనూ ఒక్కొక్కరికి 14,600 రూపాయలు కట్టమంది. అదే వారంలో మరొక సంస్థ మామూలు టికెట్టు 31,000 రూపాయలకు దొరుకుతున్నది. భాయ్‌జాన్ నాలుగేళ్ళు దాచినదాని అసలు విలువ ఆ రెండు అంకెల మధ్య తేడా మాత్రమే.

అప్పుడే మరొక విషయం కంటబడింది. ఆయన మైళ్ళలో 9,000 అక్టోబరు నెలాఖరుకు మురిగిపోతాయి. గడువు పొడిగించాలంటే డాలర్లలో రుసుము కట్టాలి.

కోపం వచ్చి ఆ సంస్థ నియమావళి మొత్తం చదివాను. మైళ్ళు సభ్యుని ఆస్తి కావనీ, వాటికి నగదు విలువ లేదనీ, నియమాలను ఎప్పుడైనా మార్చే హక్కు తమకున్నదనీ అందులో స్పష్టంగా ఉంది. ఈ విషయంలో తక్కిన సంస్థల భాష కూడా దాదాపు ఇంతే. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ విమానాలు నిలిచిపోయినప్పుడు దాని సభ్యుల పాయింట్లు దానితోనే పోయాయి. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు మాత్రం పాయింట్లు మిగిలాయి. వాటి నిర్వహణ వేరొక కంపెనీ చేతిలో ఉండటం, అది ఇంటర్‌మైల్స్ అనే కొత్త పేరుతో కొనసాగడం ఇందుకు కారణం. 2024 నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసినప్పుడు సభ్యుల పాయింట్లు ఎయిర్ ఇండియా పథకంలోకి మారాయి. దాని పేరే ఇప్పుడు మహారాజా క్లబ్. అమెరికాలో ఒక ప్రయాణికుడు మరీ ఎక్కువగా ఫిర్యాదులు చేస్తున్నాడంటూ నార్త్‌వెస్ట్ సంస్థ అతని సభ్యత్వం రద్దు చేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2014లో అతడు ఓడిపోయాడు. అయితే అదే దేశపు రవాణా శాఖ 2024 సెప్టెంబరులో నాలుగు పెద్ద విమాన సంస్థలను పిలిచి, పాయింట్ల విలువ ఎందుకు తరుగుతున్నదో, దాచిన రుసుములు ఏమున్నాయో చెప్పమని అడిగింది.

మన దేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఏకపక్షమైన ఒప్పందాలను అన్యాయమైనవిగా పరిగణించే అవకాశం కల్పించింది. నివాసమున్న రాష్ట్రంలోనే ఫిర్యాదు చేయవచ్చు. 1915 నంబరుకు ఫోన్ చేసినా నమోదు చేసుకుంటారు. చేయించమంటారా అని భాయ్‌జాన్‌ను అడిగాను. "దసరాకు ఇంకా నెల కూడా లేదు, ముందు అమ్మీ సంగతి చూడు" అన్నారు.

చూశాము. వెళ్ళడానికి డబ్బుతో రెండు టికెట్లు కొన్నాము. ఖాలా టికెట్టు డబ్బు ఇవ్వబోతే భాయ్‌జాన్ ఒప్పుకోలేదు. తిరుగు ప్రయాణానికి పై తరగతిలో ఒక్కొక్కరికి 19,000 చొప్పున మైళ్ళు కట్టాము. దాని మీద తలకు 7,000 పైచిలుకు రూపాయలు. ఇద్దరినీ రానూపోనూ పంపవలసిన మైళ్ళు ఇద్దరినీ ఒక వైపు తెచ్చాయి. అదీ సెలవులు ముగిసిన నాలుగు రోజులకు, మంగళవారం తెల్లవారుజామున. ఖాలా కూతురు ఆ నాలుగు రోజులకు జీతం లేని సెలవు పెట్టింది. ఆ సెలవు ఖరీదును ఎవరమూ లెక్కలో వేయలేదు. ఆమె కూడా వేయనివ్వలేదు.

శంషాబాద్‌లో వారు బయటకు వచ్చేసరికి మూడున్నర దాటింది. ఔటర్ రింగు రోడ్డు మీదుగా పెద్ద అంబర్‌పేట చేరి, రహదారి ఎక్కి సూర్యాపేట వైపు వచ్చాము. ఫజ్ర్ నమాజుకు దారిలో ఆగాము. వెనుక సీట్లో ఖాలా, అమ్మీ చేతులు పట్టుకుని నిద్రపోయారు. ఖాలా మిర్యాలగూడ చేరిన వెంటనే ఖాలూకు రెండు గుక్కల జమ్‌జమ్ నీరు తాగించారు. ఆయన చాలా రోజుల తర్వాత దిండుకు ఆనుకుని కూర్చుని, మక్కా విశేషాలు అడిగారట.

సాయంత్రం భాయ్‌జాన్ సందేశం పంపారు. ఖాతాలో 412 మైళ్ళు మిగిలాయి, వాటితో ఏమి వస్తుందో చూడమని. చూశాను. ఏమీ రాదు. ఆ మాటే రాశాను. "ఖాతా మూయించకు, వచ్చే వారం మళ్ళీ దుబాయి వెళ్తున్నాను" అని జవాబు వచ్చింది.