డ్రూపల్ 7కు సపోర్ట్ బంద్.. అప్‌డేట్ కాని సైట్ల సంగతేంటి?

వెబ్‌సైట్ల తయారీలో ఓ వెలుగు వెలిగిన డ్రూపల్ 7 కథ ముగిసింది. 2011 జనవరి 5న విడుదలైన ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు సరిగ్గా 14 ఏళ్లకు, అంటే 2025 జనవరి 5న అధికారిక సపోర్ట్ ఆగిపోయింది. అలాగని సైట్లేమీ మూతపడవు. పైకి అంతా మామూలుగానే కనిపిస్తుంది. అసలు చిక్కంతా అక్కడే! ఇకపై ఏ లోపం బయటపడినా డ్రూపల్ సెక్యూరిటీ టీమ్ నుంచి ప్యాచ్ రాదు.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో 2014లోనే తెలిసొచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ 15న డ్రూపల్ 7లో తీవ్ర లోపాన్ని ప్రకటించి, ప్యాచ్ కూడా ఇచ్చారు. ఏడు గంటల్లోపు అప్‌డేట్ చేయని ప్రతి సైటూ హ్యాకర్ల చేతికి చిక్కినట్టే భావించాలని రెండు వారాలకు ఆ టీమే హెచ్చరించింది.

మరి కొత్త వెర్షన్‌కు ఎందుకు మారలేదు? 2015లో వచ్చిన డ్రూపల్ 8ను సింఫనీ భాగాలతో దాదాపు కొత్తగా రాశారు. పాత మాడ్యూళ్లు, థీమ్‌లు అందులో పనిచేయవు. బటన్ నొక్కితే అయిపోయే పని కాదిది. సైటును మళ్లీ కట్టి, డేటా అంతా తరలించాలి. చిన్న సంస్థలకు ఇది తలకు మించిన ఖర్చే. అందుకే 2021 నవంబర్‌తో ముగియాల్సిన గడువును పలుమార్లు పొడిగించారు.

ఇప్పుడు మిగిలినవి రెండే దారులు. కొత్త వెర్షన్‌కో, మరో సాఫ్ట్‌వేర్‌కో మారడం.. లేదంటే డబ్బు కట్టి ప్రైవేటు కంపెనీల సపోర్ట్ తీసుకోవడం. సాఫ్ట్‌వేర్ ఉచితమే కానీ, దాని నిర్వహణ మాత్రం ఉచితం కాదు.