ఎర్ర జెండా ఓటుకు ఇతర పార్టీల గాలం.. భద్రాచలం మన్యంలో ఈ లెక్క వర్కవుట్ అవుతుందా?

ఖమ్మం జిల్లా నుంచి భద్రాచలం అడవి దాకా ఏ ఎన్నిక వచ్చినా అభ్యర్థులు ముందు వేసుకునే లెక్క ఒకటుంది. ఎర్ర జెండా ఓటు ఎటు పోతుంది? కమ్యూనిస్టులు ఇక్కడ సొంతంగా గెలిచే బలం కోల్పోయారు, కానీ ఓటు మాత్రం పూర్తిగా కరిగిపోలేదు. అందుకే ప్రైవేటు పెట్టుబడులు, సంస్కరణలు అనే పార్టీలు కూడా ఆ గడపే తొక్కుతున్నాయి. మరి మార్కెట్‌ను నమ్మే నాయకుడు లెఫ్ట్ ఓటరును అడగొచ్చా? అడిగితే పడుతుందా?

ఒకప్పటి కంచుకోట

భద్రాచలం ఎస్టీ నియోజకవర్గం. సీపీఎం నుంచి కుంజా బొజ్జి 1985, 1989, 1994లో వరుసగా గెలిచారు. ఆ తర్వాత సున్నం రాజయ్య 1999, 2004, 2014లో మూడుసార్లు ఎమ్మెల్యే అయ్యారు. 2014 తర్వాత సీన్ మారింది. పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వీఆర్ పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. సీపీఎంకి గట్టి పట్టున్న గూడేలు అవే. చివరికి రాజయ్య కూడా 2019లో ఏపీలోని రంపచోడవరం నుంచి పోటీ చేయాల్సి వచ్చింది. అంటే ఓటరు మారలేదు.. మ్యాప్ మారింది.

పొత్తు కుదిరితే ఓటు పడినట్టేనా?

కానే కాదు. రికార్డు చూడండి. 2004లో కాంగ్రెస్‌తో కలిసి సీపీఎం భద్రాచలంలో గెలిచింది. 2009లో టీడీపీ, టీఆర్ఎస్‌లతో మహాకూటమి కట్టింది.. సీటు కాంగ్రెస్ అభ్యర్థి కుంజా సత్యవతికి పోయింది. 2014లో ఖమ్మం జిల్లాలో వైసీపీతో అవగాహన కుదిరింది.. మళ్లీ సీపీఎం గెలిచింది. అప్పుడు వైసీపీ నుంచి ఖమ్మం ఎంపీగా గెలిచిన పొంగులేటి శ్రీనివాస్ రెడ్డే, 2023లో కాంగ్రెస్ అభ్యర్థిగా పాలేరులో సీపీఎం అప్పటి రాష్ట్ర కార్యదర్శి తమ్మినేని వీరభద్రాన్ని చిత్తుగా ఓడించారు!

ఇంకో ఉదాహరణ మునుగోడు. 2022 ఉప ఎన్నికలో సీపీఐ, సీపీఎం రెండూ టీఆర్ఎస్‌కి మద్దతిచ్చాయి. కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డి 10 వేల ఓట్ల తేడాతో గట్టెక్కారు. ఏడాది కూడా తిరగకుండానే, 2023 ఆగస్టులో కేసీఆర్ 115 మంది లిస్ట్ ప్రకటించారు. లెఫ్ట్‌కి ఒక్క సీటూ లేదు.

తర్వాత సీపీఐ కాంగ్రెస్‌తో చేయి కలిపింది. సింగరేణి కార్మికులున్న కొత్తగూడెంలో కూనంనేని సాంబశివరావు 26 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. సీపీఎంకి మాత్రం బేరం కుదరలేదు. 19 చోట్ల ఒంటరిగా దిగి ఒక్కటీ గెలవలేదు. భద్రాచలంలో బీఆర్ఎస్ అభ్యర్థి తెల్లం వెంకట్రావు 6 వేల లోపు తేడాతో కాంగ్రెస్‌ను ఓడించారు. ఇంత టైట్ ఫైట్‌లో విడిగా పడిన ప్రతి ఓటూ లెక్కలోకి వస్తుంది. ఆ తెల్లం 2024లో కాంగ్రెస్ గూటికే చేరారు, అది వేరే కథ.

పోడు దగ్గర కలిసే దారి

సిద్ధాంతం పక్కన పెట్టి గూడెంలోకి వెళ్తే అసలు ప్రశ్న ఒకటే.. పోడు భూమికి పట్టా ఎవరిస్తారు? విచిత్రం ఏంటంటే, మార్కెట్ వాదికీ కమ్యూనిస్టుకీ ఇక్కడ మాట కలుస్తుంది. సాగు చేసుకునే వాడి భూమి మీదకి ప్రభుత్వం జేసీబీ పంపడం తప్పని ఆస్తి హక్కును నమ్మేవాడూ అంటాడు, పేదోడి హక్కును నమ్మేవాడూ అంటాడు. పోలవరం నిర్వాసితుల పరిహారం విషయంలోనూ అంతే.

2006 అటవీ హక్కుల చట్టం కూడా ఇలా కలిసినప్పుడు వచ్చిందే. కేంద్రంలో యూపీఏ ప్రభుత్వం, దానికి బయటి నుంచి లెఫ్ట్ మద్దతు. 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనులకు ఈ చట్టం హక్కు ఇస్తుంది. గిరిజనేతరులైతే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడే ఉన్నట్టు చూపించాలి.

కానీ దారి చీలేది కూడా ఇక్కడే. ఈ పట్టా వారసులకు వస్తుంది, అమ్ముకోవడానికి మాత్రం కుదరదు. పైగా ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది. భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఉన్న గోడ అది. స్వేచ్ఛా మార్కెట్ అనేవాడు ఈ గోడను సడలించాలంటాడు. ఆ మాట భద్రాచలం టౌన్‌లో కొందరికి తీపి, గూడెంలో చేదు.

అమెరికాలోనూ ఇదే పాఠం

ప్రభుత్వ జోక్యం తగ్గాలనే లిబర్టేరియన్ నేత రాన్ పాల్ 2008, 2012లో రిపబ్లికన్ ప్రైమరీల్లో పోటీ చేశారు. ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించి యువతను, కొందరు లెఫ్ట్ అభిమానులనూ ఆకట్టుకున్నారు. హడావిడి బాగా జరిగింది, నామినేషన్ మాత్రం దక్కలేదు. సొంత పార్టీలో మెజారిటీని ఒప్పించలేకపోవడమే కారణం. మన దగ్గర ప్రైమరీలు లేవు. టికెట్ హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఖరారవుతుంది. అందుకే ఇక్కడి నాయకులు ఓటరును వదిలేసి, పార్టీ ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటారు.

మరి ఏం చేయాలి?

ఎర్ర జెండా ఓటు అడగాల్సిందే, అందులో తప్పేం లేదు. కానీ పై స్థాయిలో చేతులు కలిపి ఫొటో దిగితే చాలదు. 2007 జులై 28న ముదిగొండలో భూపోరాటం చేస్తున్న వాళ్లపై కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. అప్పుడు ఉన్నది కాంగ్రెస్ ప్రభుత్వమే. అలాంటి జ్ఞాపకాలు సీట్ల సర్దుబాటుతో చెరిగిపోవు.

పోడు పట్టాలు, నిర్వాసితుల పరిహారం.. కలిసే విషయం మీద రాతపూర్వకంగా మాట ఇవ్వాలి. 1/70 మీద తన మాట ఏంటో ముందే చెప్పేయాలి. టౌన్‌లో ఒకటి, గూడెంలో ఒకటి చెబితే వాట్సాప్‌లో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. అప్పుడు కొత్త ఓటూ రాదు, ఉన్న ఓటూ మిగలదు.

జెండా ఏ రంగుదైనా సరే, భద్రాద్రి మన్యం ఓటరు అడిగేది పట్టా కాగితమే. దాని మీద సంతకం ఎవరు పెట్టిస్తారో చూడాలి మరి.