డెబ్బై శాతం సంగతి ముందే చెప్పాలి



మా ఇంట్లో కాలేజీకొచ్చిన మొదటోణ్ణి నేనే. బీటెక్ సీఎస్‌ఈ థర్డియర్. పీహెచ్‌డీ అంటే ఎంటెక్ చేసినోళ్లకే అనుకున్నా. కాదు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీతో నేరుగా చేరొచ్చు. 75 శాతం ఉండాలి, ఎస్టీలకు 70. ఎంట్రన్స్, ఇంటర్వ్యూ దాటాక కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్, పరిశోధన, థీసిస్, వైవా. అంతా కలిపి తక్కువలో తక్కువ మూడేళ్లు. ఖర్చులకు కేంద్ర గిరిజన శాఖ ఏటా 750 మంది ఎస్టీ విద్యార్థులకు ఫెలోషిప్ ఇస్తుంది.

ఇది నాకు ఈ ఏడాదే తెలిసింది. ఫస్టియర్ ఇంగ్లిష్ పాఠాలు అర్థంకాక అప్పటికే మార్కులు పోగొట్టుకున్నా. ఇప్పుడు 70 అందుకోవడం కష్టమే.

సడలింపు కాగితం మీదుంటే చాలదు. చేరిన రోజే హాస్టల్ నోటీసు బోర్డు మీదుండాలి. అందాకా మన జూనియర్లకు మనమే చెబుదాం.