క్యారేజీ ఎవరు కట్టాలి?

ఈసారి కూడా పోస్టు కొంచెం పొడుగే. తీరిక చూసుకుని చదవండి.

మన గ్రూపులో కొన్నాళ్లుగా ఒక మాట నడుస్తోంది. ఉద్యోగాలకు వెళ్లే మన ఆడపిల్లలు, కోడళ్లు ఇంటి క్యారేజీ మానేసి వేడినీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా కప్పులు, పెనం మీద కాల్చుకుంటే చాలనే ఫ్రోజెన్ పరాటాలు, వేడిచేసి తినే పులావు పేకెట్లు పట్టుకెళ్తున్నారని. కొందరు పెద్దలు దాన్ని బద్ధకం అన్నారు. మన వంట మన పిల్లలకు రాకుండా పోతుందని ఇంకొకరు బాధపడ్డారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. బద్ధకం అన్న మాట మాత్రం ఒప్పుకోలేను.

గుడారి నుంచి గునుపూరుకో, ఇంకా దూరం రాయగడకో రోజూ బస్సులో వెళ్లివచ్చే మనిషి పొద్దు ఎలా ఉంటుందో చూడండి. పిల్లలకు టిఫిను, భర్తకు క్యారేజీ, అత్తగారికి ఉప్పు తగ్గించి వేరే కూర. ఇవన్నీ అయ్యాక తన డబ్బా. బస్సు టైము అయిపోతే ముందు మానేసేది ఆ చివరి డబ్బానే. అందుకే ఆ పేకెట్టు పప్పన్నాన్ని తోసేసి వచ్చింది అనుకోకండి. చాలామంది విషయంలో అది రెండు బిస్కెట్లు, టీ స్థానంలోకి వచ్చింది, లేకపోతే బస్టాండులో నూనె ఓడే బరా, గుగుని స్థానంలోకి.

ఇది మన ఊరి సంగతే కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా సమయ వినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నట్టు అందులో తేలింది. చేసే మగవాళ్లు పెట్టింది 97 నిమిషాలు. అప్పట్లో అసలు ఆ పని ముట్టుకునేవాళ్లు ఆడవాళ్లలో నూటికి 81 మంది అయితే మగవాళ్లలో 26 మందే. పేకెట్టు తప్పు అనేవాళ్లం ముందు ఈ లెక్కలో మనం ఎక్కడున్నామో చూసుకోవాలి.

అలాగని పేకెట్లన్నీ మంచివే అనడం లేదు. వాటిలో రకాలున్నాయి, అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు.

మొదటిది ఫ్రోజెన్. 2025 సెప్టెంబరు 22 నుంచి పరాటాల మీద జీఎస్టీ పూర్తిగా తీసేశారు. అంతకుముందు ఫ్రోజెన్ పరాటాకు 18 శాతం పడేది. ఇకమీదట ఇవి మన వైపు ఇంకా ఎక్కువగా వస్తాయనుకుంటాను. కానీ ఈ సరుకు తయారైన చోటి నుంచి మన పెనం దాకా మైనస్ 18 డిగ్రీల చలిలోనే ఉండాలి. వేసవిలో గాలివాన వస్తే మన వైపు కరెంటు ఎంతసేపు పోతుందో మీకు చెప్పక్కర్లేదు. షాపు ఫ్రీజర్లో ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన పేకెట్టు పైకి బాగానే కనిపిస్తుంది. కరిగినంతసేపూ లోపల పెరిగిన క్రిములు మళ్లీ గడ్డకట్టినంత మాత్రాన చచ్చిపోవు. పరాటాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దగా ఉన్నా, పేకెట్టు లోపల మంచు పెళ్లలు కట్టినా కొనకండి.

రెండోది ఫ్రీజర్ అక్కర్లేని, వేడిచేసి తినే పేకెట్టు. కూరను దళసరి సంచిలో మూసి, ఆవిరి ఒత్తిడిలో సుమారు 121 డిగ్రీల దాకా వేడి చేస్తారు. మైసూరులో 1961లో పెట్టిన రక్షణ ఆహార ప్రయోగశాల సైనికుల కోసం ఇలాంటి తిండి మీద పనిచేసింది, ఆ పద్ధతులు కంపెనీలకూ అందాయి. సంచి ఉబ్బకుండా, చిరగకుండా, తేదీ దాటకుండా ఉంటే మన లాంటి ఊళ్లో ఫ్రోజెన్ కంటే ఇదే నయం.

మూడోది ఎండు సరుకు, అంటే ఉప్మా కప్పులు, నూడుల్స్. ఇవి పాడవడం తక్కువే. చూడాల్సింది ఉప్పు. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే 2,000 మిల్లీగ్రాముల లోపు సోడియం చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పేకెట్టు వెనక సోడియం అంకె ఉంటుంది. ఒక్క పూటకే అందులో సగం అయిపోతుంటే అది రోజూ తినేది కాదు. సరుకుల పేర్లు ఎక్కువ పాళ్లలో ఉన్నదాని నుంచి వరసగా రాస్తారు. గోధుమ బొమ్మ వేసి, వెనక మొదటి పేరు మైదా అని ఉంటే అది మైదా పరాటానే.

ఇక మన వంట పోతుందన్న బాధ సంగతి. రెడీమేడ్ తిండి మనకు కొత్తది కాదు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పెడితే పొద్దుటికి చద్దన్నం. ఒడియా ఇళ్లలో అదే పఖాళ, మార్చి 20న దానికో పండగే చేస్తారు. చోడి అంబలి కుండలో పెట్టుకుని పొలానికి వెళ్లిన తరాలు మనవి. ఇక్కడి కొండల్లో అదే మాండియా జావు. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టినప్పుడు తొలి ఏడు జిల్లాల్లో మన రాయగడ, కొరాపుట్ రెండూ ఉన్నాయి. పులిహోర, కందిపొడి, వేయించి పెట్టిన ఉప్మా రవ్వ, చల్ల మిరపకాయలు, ఇవన్నీ ముందే చేసి పెట్టుకునేవే. అప్పట్లో వాటిని చేయడానికి ఇంట్లో నలుగురు ఆడవాళ్లు ఉండేవారు. ఇప్పుడు ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్కరూ ఉద్యోగానికి వెళ్తున్నారు. వంట నిలవాలంటే ఆ మిగతా చేతులు ఎక్కడి నుంచో రావాలి.

అందుకే నేను అడిగేది ఒకటే. మన సంఘానికి గుండిగలు ఉన్నాయి, పెద్ద గ్యాస్ పొయ్యిలు ఉన్నాయి. పెళ్లిళ్లకు, కార్తీక వనభోజనాలకు తీస్తాం. మిగతా రోజులు గదికి తాళం. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున్న ఆ తాళం తీద్దాం. పాతిక ఇళ్లలో పాతిక పొయ్యిలు చీకటితో వెలిగే బదులు, ముగ్గురు నలుగురు ఒక పొయ్యి దగ్గర పాతిక క్యారేజీలు కట్టగలరు.

కేరళలో 1998లో మొదలైన కుటుంబశ్రీ మహిళలు 2024 మార్చిలో తిరువనంతపురంలో ఈ పనే మొదలుపెట్టారు. ఇంటి వంట లాంటి భోజనం స్టీలు డబ్బాల్లో ఆఫీసులకు పంపి, ఖాళీ డబ్బాలు వెనక్కి తెచ్చుకుంటున్నారు. మనకు అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. బస్సుకు ముందు డబ్బా చేతికందితే చాలు.

రెండు సంగతులు మాత్రం ముందే తేల్చుకోవాలి. వండేవాళ్లకు కూలి ఇవ్వాలి. సేవ పేరుతో మళ్లీ ఆడవాళ్ల చేతే ఉచితంగా చేయించుకుంటే మనం మార్చింది ఏమీ ఉండదు. చేయి తిరిగిన అక్కలు, వదినలు మనలో చాలామంది ఉన్నారు, వాళ్లకు నెలకు ఇంత అని చేతికి రావాలి. రెండోది, బజారు, కూరలు తరగడం, డబ్బాలు బస్టాండుకు చేర్చడం మగవాళ్లం వంతులు వేసుకుని చేయాలి. బద్ధకం అన్న పెద్దలు ఆ వంతుల కాగితం మీద మొదటి పేర్లు రాస్తే ఈ పోస్టుకు అదే జవాబు అనుకుంటాను. డబ్బు తీసుకుని వండి పెడుతున్నాం కాబట్టి ఆహార భద్రత శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ కూడా తీసుకోవాలి.

"ఎవరికి కావాలి, ఎన్నాళ్లు నడుస్తుంది" అని అడుగుతారని తెలుసు. ఒక్క నెల చూద్దాం. వారంలో ఒక రోజు చోడి సంకటి, ఒక రోజు పులిహోర, మిగతా రోజులు పప్పు, కూర, పెరుగన్నం. నెలాఖరుకు ఖర్చు, రాబడి గ్రూపులో పెడదాం. నష్టం వస్తే ఆపేద్దాం.

అప్పటిదాకా పేకెట్టు పట్టుకెళ్లే పిల్లను ఎవరూ ఏమీ అనకండి. వీలైతే దాంతోపాటు ఒక ఉడికించిన గుడ్డో, అరటిపండో, చిన్న డబ్బాలో పెరుగో పెట్టి పంపండి.

రాబోయే నెలవారీ సమావేశంలో దీన్ని చర్చకు పెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాను. క్యారేజీ కావాల్సినవాళ్లు, వండగలిగినవాళ్లు, వంతు తీసుకునేవాళ్లు, ఎవరు ఏ వరసలో ఉన్నారో కింద రాయండి. కాదనేవాళ్లు కూడా కారణం రాయండి, మాట్లాడుకుందాం.