వేడి లుఖ్మీ కొరకు ఒక విన్నపం

హైదరాబాదు పేరు చెప్పగానే ఎవరికైనా బిర్యానీ, హలీం గుర్తుకు వస్తాయి. ఆ రెండింటికీ మన నగరంలో కొదవ లేదు. కాని ఇక్కడి విందులలో బిర్యానీ కంటె ముందుగా పళ్ళెంలోకి వచ్చే లుఖ్మీ మాటేమిటి? అప్పుడే నూనెలో నుండి తీసిన మంచి లుఖ్మీ నడిచి వెళ్ళగల దూరంలో దొరకడం అరుదైపోయినది. పెళ్ళి పిలుపు వస్తే తప్ప దాని రుచి చూడని విద్యార్థులు మనలో అనేకులు. ఇది చిన్న విషయమని కొందరు పెద్దలు అనవచ్చు. చిన్న విషయమే. అయితే దానితో విద్యార్థుల ఆరోగ్యం, పనివాని జీవనం, రెండు భాషల వారి సహవాసం ముడిపడి ఉన్నవి. అందుచేతనే ఈ వార్షిక సంచికలో దానికి రెండు పుటలు కేటాయించవలసినదిగా సంపాదకవర్గాన్ని కోరినాము.

లుఖ్మీని ఎరుగని వారి కొరకు రెండు మాటలు చెప్పుట అవసరం. ఉర్దూలో లుక్మా అంటే నోటికి పట్టేటంత ముద్ద. తెలుగులో కబళం అనేదీ అదే. మైదాలో ఉప్పు, కొంచెం నెయ్యి వేసి కలిపి, కాసేపు నాననిచ్చి, పలుచగా వత్తి, చదరపు ముక్కలుగా కోస్తారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరప, కొత్తిమీర వేసి వండిన ఖీమాను లోపల ఉంచి, అంచులు గట్టిగా అదిమి నూనెలో వేయిస్తారు. సమోసా మూడు మూలలతో పొట్ట ఉబ్బి ఉంటుంది. లుఖ్మీ నాలుగు మూలలతో బల్లపరుపుగా ఉంటుంది. పై పొర పెళుసుగా, లోపలి పొర మెత్తగా, నడుమ ఖీమా తడి ఆరకుండా ఉంటేనే అది మంచి లుఖ్మీ.

ఈ జాతి వంటకాలకు మన దేశంలో ప్రాచీనత తక్కువేమీ కాదు. 14వ శతాబ్దంలో ఢిల్లీకి వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, ముహమ్మద్ బిన్ తుగ్లక్ విందులను వర్ణిస్తూ, బాదం, పిస్తా, ఉల్లి, మసాలాలతో వండిన ఖీమాను పలుచని రొట్టెలో చుట్టి నేతిలో వేయించిన వంటకాన్ని పేర్కొన్నాడు. 16వ శతాబ్దపు అబుల్ ఫజల్ తన ఐన్-ఇ-అక్బరీలో సంబూసాను ప్రస్తావించినాడు. లుఖ్మీ ఆ వంశంలోనిదే.

తెలుగు ఇండ్లలోని కజ్జికాయను చూడండి. పిండి వత్తి, లోపల పూర్ణం పెట్టి, అంచులు అదిమి, నూనెలో వేయించే పద్ధతి అదే. ఒక ఇంట పండుగకు కజ్జికాయలు చేసే తల్లి చేతి కదలికకూ, మరొక ఇంట దావత్‌కు లుఖ్మీలు చేసే తల్లి చేతి కదలికకూ భేదం అల్పం. అయితే ఒక్క భేదం మాత్రం గట్టిది. కజ్జికాయ లోపల ఎండు కొబ్బరి, చక్కెర వంటి పొడి వస్తువులు ఉంటాయి కనుక అది డబ్బాలో చాలా రోజులు నిలుస్తుంది. లుఖ్మీలో ఉన్నది తడి మాంసం. కజ్జికాయ నిల్వకు చేసినది, లుఖ్మీ అప్పటికప్పుడు తినడానికి చేసినది. మన పెద్దలు నిల్వ వంటలను, పూట వంటలను ఎన్నడూ కలిపి చూడలేదు. నేటి దుకాణాలు ఆ రెండింటినీ ఒకే అద్దాల పెట్టెలో పెట్టుచున్నవి. మా అభ్యంతరం ఇక్కడే ఆరంభమవుతుంది.

ఇది కేవలం నాలుక చెప్పే మాట కాదు, భౌతికశాస్త్రం కూడ ఇదే చెప్పుచున్నది. సుమారు 180 డిగ్రీల వేడి గల నూనెలో పిండి పడగానే దానిలోని నీరు ఆవిరిగా మారి బయటకు తన్నుకొని వస్తుంది. బుడగలు కనిపించేది అందువల్లనే. ఆ ఆవిరి ఒత్తిడి ఉన్నంతసేపు నూనె లోపలికి సులభంగా చొరబడదు. బయటకు తీసి చల్లార్చినప్పుడు ఆవిరి తిరిగి నీరై, లోపలి ఒత్తిడి తగ్గి, పైన అంటుకొని ఉన్న నూనె లోపలికి పీల్చబడుతుంది. కాబట్టి దించిన వెంటనే జల్లిగరిటెలో బాగుగా వడకట్టడం వంటవాని పనితనంలో ముఖ్య భాగం. గంటలు గడిచే కొద్దీ ఖీమాలోని తడి పై పొరలోకి చేరి, పెళుసుదనం పోయి, తోలువలె సాగుతుంది. దానిని మళ్ళీ నూనెలో వేస్తే పైకి వేడెక్కుతుంది గాని పోయిన గుణం తిరిగి రాదు. అదనంగా మరికొంత నూనె పట్టుతుంది.

ఆరోగ్యం మాట ఇంతకంటె ముఖ్యం. వండిన మాంసం 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య ఉన్నంతసేపు సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. ఉదయం వేయించి సాయంత్రం వరకు బయట ఉంచిన ఖీమా లుఖ్మీ ఆ హద్దుల నడుమనే గంటల తరబడి కూర్చుని ఉంటుంది. ఇక నూనె సంగతి. పలుమార్లు కాగిన నూనెలో ధ్రువ సమ్మేళనాలు అనే హానికర పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం మించిన నూనెను వంటకు వాడరాదనే నిబంధన దేశమంతటా 2018 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. వార్తాపత్రిక కాగితాలలో తినుబండారాలు చుట్టి ఇవ్వవద్దని, సిరాలోని రసాయనాలు ఆహారంలో కలుస్తాయని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లోనే హెచ్చరించినది. ఈ నియమాలు అధికారులు వచ్చిన నాడు మాత్రమే గుర్తుకు వస్తే చాలదు.

హలీం ఇంత ప్రాచుర్యం పొందగా లుఖ్మీ ఎందుకు వెనుకబడినదని కొందరు అడుగవచ్చు. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. రంజాన్ నెలలో వీధివీధికీ భట్టీలు వెలుస్తాయి. హలీంను డేగిషాలో సన్నని సెగపై గంటల తరబడి వేడిగా ఉంచవచ్చు. వచ్చిన వారికి వచ్చినట్లు గరిటెతో పెట్టవచ్చు. లుఖ్మీకి ఆ సౌకర్యం లేదు. దాని ఆయుస్సు బాణలి నుండి చేతికి వచ్చేంతవరకే. ప్రతి పది నిమిషాలకూ ఒక వాయి వేయగల మనిషి పొయ్యి దగ్గర నిలబడి ఉండాలి. ఆ మనిషికి కూలి ఇవ్వాలి. ఆ కూలి ధరలో చేరుతుంది. ధర రెండు రూపాయలు పెరిగితే మనం పక్క దుకాణానికి పోతాము. అప్పుడు వ్యాపారి పనివానిని తీసివేసి, ఫ్యాక్టరీలో చేసి గడ్డకట్టించిన సరుకు తెచ్చి పెట్టుకుంటాడు. పిండి పాకం తెలిసిన చేతులు వేరే పనులు వెదుకుకొంటాయి. తప్పు వ్యాపారిది ఒక్కడిదే అనడం న్యాయం కాదు. చల్లారిన దానిని మారుమాట లేకుండ కొనే మనకూ ఇందులో వాటా ఉన్నది.

అందుచేత కళాశాల పాలకవర్గానికి మా విన్నపం ఇది. మన క్యాంటీనులో వారానికి రెండు దినాలైనా లుఖ్మీని అక్కడికక్కడ వేయించి ఇచ్చే ఏర్పాటు చేయవలెను. విరామం పదిహేను నిమిషాలే కదా, అంతమందికి ఎట్లా సాధ్యమని సందేహం కలుగవచ్చు. వత్తి, కూరి, అంచులు అదిమిన లుఖ్మీలను వేయించకుండ కొన్ని గంటలు శీతలయంత్రంలో ఉంచవచ్చు. గంట కొట్టడానికి కొంచెం ముందు మొదటి వాయి వేస్తే, తరగతుల నుండి వచ్చే వారికి అందుతుంది. ముందు రోజు చీటీలు తీసుకొంటే ఎన్ని కావలెనో తెలుస్తుంది, మిగిలిపోయి పారవేయవలసిన అవసరం ఉండదు. మాంసం తినని వారి కొరకు ఆలుగడ్డ కూరిన లుఖ్మీలు వేరు బాణలిలో, వేరు నూనెలో వేయించాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే ఎవరికీ సంకోచం లేకుండ అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. నూనె మార్చిన తేదీని, ఆ వాయి దింపిన వేళను పలకపై వ్రాసి పెడితే అనుమానాలకు తావుండదు. ఈ పనికి బయటి కంపెనీ సరుకు కాక, ఇంట ఈ విద్య నేర్చిన చుట్టుపక్కల స్త్రీలకు అవకాశం ఇస్తే, క్యాంటీను ఖర్చు కొన్ని కుటుంబాలకు ఆదాయమవుతుంది.

విద్యార్థి మిత్రులకు కూడ ఒక మాట. బయట దుకాణానికి వెళ్ళినప్పుడు అద్దాల పెట్టెను చూచి తృప్తిపడకండి. తరువాతి వాయి ఎప్పుడని అడగండి. నూనె నల్లబడి, నురుగు కట్టి, కనరు వాసన వేస్తుంటే మర్యాదగా వెనుదిరగండి. లుఖ్మీని విరిచినప్పుడు ఆవిరి రావాలి, అంచు పెళుసుగా విరగాలి, చేతికి నూనె కారరాదు. అట్టి దానికి ఒక రూపాయి ఎక్కువైనా సంతోషంగా ఇవ్వండి, అయిదు నిమిషాలు ఓపికతో నిలబడండి. మంచి లుఖ్మీ వేసే పొయ్యి కనిపిస్తే పదిమందికి చెప్పండి. అడిగే వారు ఉన్నంతకాలమే ఆ పొయ్యి వెలుగుతుంది.

ఉర్దూ తరగతి విద్యార్థికి ఇది అమ్మమ్మ ఇంటి వంటకం. తెలుగు తరగతి విద్యార్థికి స్నేహితుని అక్క పెళ్ళిలో తిన్న జ్ఞాపకం. ఇద్దరికీ అది ఈ ఊరి సొత్తే. వచ్చే విద్యా సంవత్సరపు మొదటి వారంలో మన క్యాంటీను బాణలి నుండి తొలి వాయి దిగాలని, దానిని పాలకవర్గ సభ్యులు కూడ మాతోపాటు నిలబడి వేడిగా తినాలని మా కోరిక.